ఎండలో పెట్టిన దిండు

డోర్నకల్,
ఆదివారం మధ్యాహ్నం.

తమ్ముడు దేవేందర్‌కు,

దేవుని కాపుదల నీ ఇంటిమీద ఉండుగాక. ఇక్కడ నేను బాగున్నాను. చెల్పూర్‌లో నువ్వు, మరదలు, బిడ్డ స్రవంతి బాగున్నారని తలుస్తున్నాను. ఫోనులో మనం క్షేమం వరకే మాట్లాడుకుంటాం. మిగతావి ఎప్పుడూ కాగితం మీదే కదా.

స్రవంతి పెండ్లి ప్రకటన మా గుడిలో కూడా చదివారు. పాస్టరు అయ్యగారు పెండ్లి పిల్లవాని ఇంటిపేరు తప్పు చదివి, మళ్లీ సరిచేశారు. చీర తెల్లదే తీసుకోండి, అంచు రంగు అమ్మాయి ఇష్టం. కార్డు మీద పేర్ల సంగతి చివర రాస్తాను. నా మెడ ఎట్లుందని అడిగావు. దాని గురించి కొంచెం ఎక్కువ రాయాలి.

పోయిన సోమవారం పొద్దున ప్రార్థనకు లేచేసరికి మెడ ఎడమవైపు పట్టేసింది. తల వంచలేను, తిప్పలేను. ఆ రోజు తల ఎత్తుకునే ప్రార్థన చేశాను. పాలు పోసే సత్తమ్మ పిలిస్తే ఒళ్లంతా తిప్పాల్సి వచ్చింది.

“ఏందక్కా, పోలీసోని లెక్క నిలబడ్డవ్?”

“మెడ పట్టిందే.”

“మరి దిండు ఎండల పెట్టినవా?”

అవ్వ కూడా అంతే, గుర్తుందా? ఇంట్లో ఎవరి మెడ పట్టినా ముందు దిండుకే వైద్యం. సత్తమ్మ నన్ను అడగకుండానే దిండు వాకిట్లోకి తీసుకుపోయింది. పత్తికి ఎండ తగలాలని గలీబు ఊడదీసింది. లోపలి నుంచి ఒక కవరు కింద పడింది.

“గిదేంది, దిండుల చిట్టి! ఎవలన్న మంత్రం పెట్టిండ్రా?” అని దూరం జరిగింది.

“నేనే పెట్టుకున్న. ఇటియ్యి.”

“నీకు నువ్వే పెట్టుకుంటే మెడ పట్టక ఏమైతది!” అని నవ్వింది.

దిండు మూడు రోజులు ఎండింది. మెడ వదల్లేదు. గురువారం రైలెక్కి మహబూబాబాద్ పోయాను, విమల దగ్గరికి.

మన చెల్లె విమల దగ్గరికే. తండా పిల్లవాడు రమేశ్‌ను చేసుకుందని బాపు ఆమెను గడప తొక్కొద్దని పదకొండేళ్లైంది. బాపు చనిపోతే మట్టికి రాలేదని నువ్వు మాట మానేసి ఆరేళ్లు. ఆమె ఫిజియోథెరపీ గది స్టేషన్‌కు దగ్గరే. నన్ను చూసి లేచి నిలబడింది. ఆమె ఏడవలేదు, నేనూ ఏడవలేదు.

“జరమున్నదా? చెయ్యి తిమ్మిరెక్కుతున్నదా? ఎక్కడన్న పడ్డవా?” అని అడిగింది. ఏవీ లేవన్నాను. నుదురు బల్లకు ఆనించి కూర్చోమని, మెడకు వేడి కాపడం పెట్టింది. తర్వాత భుజం మెడను కలిసే చోట బొటనవేలు ఆనించి, వత్తి పట్టుకుంది. అక్కడ కండ ముడిపడినట్టు ఉందట.

“టక్కుమని విరుస్తవా ఏంది?” అన్నాను.

“విరిచేటోళ్ల దగ్గరికి పోకక్కా. పట్టింది కండ, బొక్క కాదు. ఊపిరి ఇడువు. ఇడువుమంటే ఇంకింత బిగవడుతున్నవ్, ఎవలతోని కొట్లాటే నీకు?”

ముఖం బల్లకేసి ఉంది కాబట్టి చెప్పగలిగాను. ఆమెకు చెప్పిందే నీకూ చెబుతున్నాను.

బాపు మంచం పట్టినప్పుడు విమల నీకొక ఉత్తరం రాసింది. నువ్వు ఫోను ఎత్తడం లేదని, అన్నకు ఇవ్వమని నాకు పంపింది. ‘అన్న ఒక్క మాట రమ్మంటే చాలు. వాకిట్లో నిలబడి బాపును చూసి పోతా’ అని రాసింది. నేను చింపి చదివాను. నీకు ఇవ్వలేదు. నువ్వు రమ్మంటావని నాకు తెలుసు. ఆమె వస్తే బాపు కేకలు వేస్తాడని, ఆయన చివరి రోజులు గొడవలో పోతాయని భయపడ్డాను. రెండు రోజులు ఆగి ఇద్దామనుకున్నాను. బాపు రెండో రోజే పోయాడు. జవాబు రాలేదు కాబట్టి నువ్వు వద్దన్నావనుకుని ఆమె మట్టికి కూడా రాకుండా ఆగిపోయింది. సమాధి దగ్గర నువ్వు ‘నాకు చెల్లె లేదు’ అన్నప్పుడు కూడా నేను నోరు తెరవలేదు.

మొదట ఆ కవరు బైబిల్లో పెట్టాను. చదవడం ఆ పేజీ దగ్గరే ఆగిపోయేది. అందుకని దిండులోకి మార్చాను. గలీబు ఉతికిన ప్రతిసారీ తీసి, మళ్లీ పెట్టాను.

నేను చెప్పడం అయ్యాక విమల చెయ్యి ఆగింది. తర్వాత బొటనవేలు మళ్లీ అదే చోట పెట్టింది. ముందుకంటే గట్టిగా వత్తలేదు, మెల్లగానూ వత్తలేదు.

“అన్న వద్దన్నడనుకున్న, ఆరేండ్లు” అంది.

“వద్దనలే. వానికి తెల్వదు.”

బొటనవేలు తీసి, “గిప్పుడు కుడిదిక్కు చూడు” అంది. మెడ సగం తిరిగింది. “ఇంకో రెండుమాట్లు రావాలె. ఒక్కనాటితోని పోదు.”

ఆ ఉత్తరం ఇందులో పెట్టాను. ‘బాపు మట్టికి రానిదానికి కార్డెందుకు?’ అని రాశావు. చదివాక నన్ను ఏమన్నా అను, పడతాను. కార్డు మీద మేనత్తల వరుసలో నా పేరు పక్కన ఆమె పేరు ఉండాలి. ఒక్క పేరుకే చోటుంటే ఆమెది వేయించు.

వచ్చే గురువారం మళ్లీ మహబూబాబాద్ పోతున్నాను. కార్డు నాతో పంపిద్దామని నీకు అనిపిస్తుంది. పంపకు. ఈసారి నా చేతికి ఏమీ ఇవ్వకుండా నువ్వే తీసుకుపో.

ఇట్లు,
మీ ఇద్దరి పెద్దక్క