దిగుడులో ఆగని కారు

బావగారికి నమస్కారాలు.

ఇక్కడ మా ఊరు పార్సిప్పనీలో నిన్న మోకాలి లోతు మంచు పడింది. పొద్దున రెండు గంటలు పారతో తోడితే గానీ కారు బయటికి రాలేదు.

పోయిన వారం మెట్ల మీద జారి చెయ్యి విరిగిందని మామయ్యగారు మీకు ఫోన్‌లో చెప్పారు. మీ చెల్లెలు విజయశ్రీకీ అదే చెప్పారు. అది నిజం కాదు.

కొత్త కారు మంచులో ఎలా పోతుందో చూపిద్దామని ఆయన్ని ఎక్కించుకుని వెళ్లాను. ఎత్తు సులువుగా ఎక్కింది. ముప్పై ఏళ్లు ఘాట్ రోడ్డులో బస్సు నడిపిన ఆయన, "ఎక్కడం చూశాను అల్లుడుగారూ. దిగుడులో ఆగుతుందా? నెమ్మది," అన్నారు.

"ఇది మీ ఆర్టీసీ బస్సు కాదు మామయ్యగారూ, ఆల్ వీల్ డ్రైవ్. నాలుగు చక్రాలూ లాగుతాయి," అన్నాను.

దిగుడు మలుపులో బ్రేకు తొక్కితే నాలుగు చక్రాలూ జారాయి. కారు మంచు గుట్టను గుద్దుకుంది. దానికి గీత కూడా పడలేదు. ముందుకు పడకుండా చెయ్యి ఆన్చిన ఆయన కుడి మణికట్టు విరిగింది.

అల్లుడి పరువు పోకూడదని, మెట్లని చెబుదామన్నది ఆయనే. నేను కాదనలేదు.

విజయశ్రీకి వచ్చే నెల కాన్పు. బిడ్డను ఎత్తుకున్నాకే తిరిగి వస్తానని మీకు చెప్పి వచ్చిన మనిషి. "ఎత్తుకోలేని చేత్తో ఉండి నీకు ఇంకో పని పెట్టడమెందుకమ్మా," అని టికెట్ ముందుకు మార్పించుకున్నారు. ఆమెకు ఈ సాయంత్రం నిజం చెబుతాను.

హైదరాబాద్‌లో ఆయన్ని పెట్టె పట్టుకోనివ్వకండి.

నేను కారు తీసి వాకిట్లో ఉంచాను. మామయ్యగారు టాక్సీ పిలిపించుకుని ఈ మధ్యాహ్నం రెండింటికి విమానాశ్రయానికి వెళ్లారు.