మార్కు మీద నేనిచ్చిన వాంగ్మూలం

గరికమిట్టపాలెం,
14-3-1988.

జిల్లా కలెక్టరు గారి సముఖమునకు, గరికమిట్టపాలెం ప్రాథమికోన్నత పాఠశాల ఉపాధ్యాయుడు చామర్తి అనంతపద్మనాభం సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: కుట్టుమిషను వాయిదాల వసూలు పేరిట జరిగిన దౌర్జన్యము – అందు నేనిచ్చిన అబద్ధపు సాక్ష్యము – దానిని కొట్టివేసి నిజము విచారింపుమని ప్రార్థన.

1. మా ఊరి వాస్తవ్యుడు, మిర్చియార్డు హమాలీ మార్కు భార్య జయకుమారి నా వద్ద అయిదవ తరగతి వరకు చదువుకొన్నది. ఆమె ఏడాదిన్నర క్రిందట కుసుమహర హైర్ పర్చేజ్ ఫైనాన్సు వారి వద్ద నెలకు ఎనుబది రూపాయల చొప్పున పదునెనిమిది వాయిదాలకు కుట్టుమిషను తీసికొన్నది. "పంతులుగారూ, మీరు సంతకం పెడితే ఇస్తారంటండీ" అని అడుగగా జామీను సంతకము చేసితిని. దానితోపాటు ఏమియు వ్రాయని ప్రోనోటు మీద కూడ సంతకము తీసికొన్నారు. ఎందుకని నేను అడుగలేదు.

2. పదునాలుగు వాయిదాలు ఆమె తప్పకుండ చెల్లించినది. తరువాత తెల్లదోమ పట్టి ఊరి పత్తి అంతయు పోయినది. కూలి లేనివారు రవికలు కుట్టించుకొనరు గదా. రెండు వాయిదాలు ఆగిపోయినవి. ఫైనాన్సు యజమాని చెంచురామయ్య బడికి వచ్చి, పిల్లలు వినుచుండగా "జీతం జప్తు చేయిస్తా పంతులూ" అన్నాడు.

3. ఫిబ్రవరి 7, ఆదివారం ఉదయం పది గంటలకు చెంచురామయ్య ఇద్దరు మనుషులతో వ్యానులో వచ్చినాడు. వారి చేతిలో కోర్టు కాగితము ఏదియు లేదు. "మీరు ముందు నడవండి. మీ గొంతైతే తలుపు తీసిద్ది" అన్నాడు. నడిచితిని. "అమ్మా జయా!" అని పిలిచితిని. తీసినది.

అయ్యా, ఇక్కడి నుండి నాకు ఆఫీసు భాష రావడం లేదు. మన్నించండి.

వాళ్లు నన్ను పక్కకు తోసి లోపలికి జొరబడ్డారు. ఇద్దరూ మిషను లేపారు. జయకుమారి గడప మీద అడ్డంగా కూర్చుని ద్వారబంధం పట్టుకుంది. "రెండు నెల్లు ఆగండయ్యా, కాళ్లు పట్టుకుంటా" అంది. ఒకడు డొక్కలో తన్నాడు. అయినా వదల్లేదు. అప్పుడు చెంచురామయ్య తలుపు రెక్క పట్టుకుని ఆమె వేళ్ల మీదికి విసిరికొట్టాడు. ఒకసారి కాదండీ. మూడుసార్లు. మూడోసారికి ఆమె అరవడం మానేసింది. నా పంచె మీద రక్తం చింది పడితే నేను రెండడుగులు వెనక్కి జరిగాను. నేను చేసింది అదొక్కటే.

పెరట్లో నీళ్లు పోసుకుంటున్న మార్కు తడిబట్టతో పరుగెత్తుకొచ్చాడు. భార్య చెయ్యి చూశాడు. చూరులో ఉన్న బస్తాలెత్తే కొక్కెం తీసి చెంచురామయ్య భుజంలో దించాడు. ఆ ఇద్దరూ మిషను వదిలేసి మార్కును వాకిట్లోకి ఈడ్చి, వ్యానులోని జాకీ రాడ్డుతో కొట్టారు. పక్కటెముకలు విరిగిన చప్పుడు నాకు వినిపించింది. తర్వాత మిషను ఎక్కించుకునే పోయారు.

4. ఆ మధ్యాహ్నం పోలీసు స్టేషనులో చెంచురామయ్య మనుషులు కాగితం సిద్ధం చేసి ఉంచారు. వాయిదా మర్యాదగా అడగబోతే మార్కు తాగి వచ్చి చంపబోయాడనీ, పెనుగులాటలో భార్య చెయ్యి మిషనులో పడిందనీ రాసి ఉంది. మార్కు మా ఊరి ప్రార్థన మందిరంలో డప్పు కొడతాడు, సారా ముట్టడు. ఆ సంగతి తెలిసీ సంతకం పెట్టాను. కాగితంలో రెండు అక్షరదోషాలు కనబడితే వాటిని దిద్ది మరీ ఇచ్చాను. హత్యాయత్నం కేసు పెట్టారు. మార్కు ఇప్పటికి అయిదు వారాలుగా సబ్‌జైలులో ఉన్నాడు.

5. మొన్న గుంటూరు పెద్దాసుపత్రికి వెళ్లాను. జయకుమారికి కుడిచేతి వేళ్లు మూడు తీసేశారు. నన్ను తిడుతుందనుకున్నాను. లేచి కూర్చుని, "ఎవరొచ్చినా తియ్యొద్దని మా ఆయన చెప్పాడండీ. మీ గొంతు ఇని తీశా" అంది. అంతే అంది.

6. కావున నా వాంగ్మూలము అబద్ధమని ఇందుమూలముగా ఒప్పుకొనుచున్నాను. అందుకు నా మీద ఏ చర్య తీసికొన్నను సమ్మతమే. మార్కును విడిపించవలెను. ఈ ఫైనాన్సుకు లైసెన్సు కలదో లేదో, దాని పెట్టెలో ఎందరి ఖాళీ ప్రోనోట్లు కలవో తనిఖీ చేయించవలెను. మా ఊరివే నలుబదికి తక్కువ ఉండవు. నన్ను క్షమింపుమని అడుగుట లేదు. ఈ నాలుగు ముక్కలు మాత్రము తమరు స్వయముగా చదివి చిత్తగింపవలెనని వేడుకొను,

తమ విధేయుడు,
చామర్తి అనంతపద్మనాభం

తా.క. అయ్యా, ఇది రాస్తున్నది వారి భార్య సీతారత్నం. చెప్పకుండా చేస్తే మర్యాద కాదని అర్జీ సంగతి వారే వెళ్లి చెంచురామయ్యకు చెప్పి వచ్చారు. బుధవారం బడి వదిలే వేళకు అతని మనుషులు వారిని గేటు దగ్గర పడేసి, కుడిచెయ్యి రెండుచోట్ల విరగ్గొట్టారు. పిల్లలందరూ చూశారు. ఈయన కూడా పెద్దాసుపత్రిలోనే ఉన్నారు. "పోస్టు చేశావా?" అని గంటకోసారి అడుగుతున్నారు. నిన్న జయకుమారి చేతికట్టుతో మా మంచం దగ్గరికి వచ్చింది. "పంతులుగారికి అన్నం ఎవరు పెడతన్నారండీ అమ్మగారూ?" అని అడిగింది. నేనే పెడుతున్నానన్నాను. "నాకు మా అత్త పెడతంది" అంది.

నాలుగేళ్లలో రిటైరవుతారు, జీతం పోతే ఎలాగని, ఆ రోజు స్టేషనులో సంతకం పెట్టమని వారి చెవిలో చెప్పింది నేను. ఆ సంగతి ఆమెకు ఇంకా చెప్పలేదు. ముందు తమకు చెబుతున్నాను.