అత్తమ్మ కాయను చంపాలా?

1940 ఫిబ్రవరి 10, శనివారం

అష్టాచెమ్మాలో మళ్ళీ ఓడాను. అత్తమ్మ చేతిలో వరసగా ఎన్నోసారో... లెక్కపెట్టడం మానేశాను. చింతగింజలు ఆమెవి, గాజుముక్కలు నావి. మధ్యాహ్నం వంటిల్లు సర్దగానే అరుగు మీద సుద్దతో గడులు గీసి పిలుస్తుంది. పిలిస్తే పోకుండా ఉండలేను.

కామారెడ్డిలో టాకీ గుడారం వేశారని ఆయన కచేరీ నుంచి కబురు తెచ్చారు. బొమ్మలు మాట్లాడతాయట, పాడతాయట! వచ్చే శుక్రవారమే ఆఖరి ఆట. ఆరోజు ఆయనకు సెలవు. ఎల్లారెడ్డిలో పొద్దున మోటారెక్కితే చాలు. పోవాలి — ఎలాగైనా పోవాలి.

11, ఆదివారం

అడిగాను. అత్తమ్మ ముందు ఒక వక్క నోట్లో వేసుకుంది. తర్వాత — "ఒక్క ఆట గెలువు. గెలిస్తే పో."

ఇంతేనా అనుకున్నాను. కానీ అవతలివాళ్ళ కాయ ఒక్కటైనా చంపనిదే మన కాయలు లోపలి గడుల్లోకి పోవు. ఇన్నాళ్ళూ ఆమె కాయ నాకు దొరికినా చూడనట్టే వేరేది జరిపేదాన్ని. అత్తగారి కాయను చంపడమా! అమ్మ చెప్పి పంపిన మర్యాద ఇప్పుడు నా కాళ్ళకే అడ్డం పడింది.

12, సోమవారం

ఓడాను. పప్పు కూడా మాడింది.

13, మంగళవారం

పట్టుబడ్డాను. మూడు పడింది. మూడో గడిలో ఆమె చింతగింజ. నేను వేరే ముక్క మీద చేయి వేశాను. అత్తమ్మ నా చేయి పట్టుకుంది.

"కండ్లు లేవా? అది కనిపిస్తలేదా?"

"కనిపిస్తుంది అత్తమ్మా... మీ కాయ గదా, ఎట్ల చంపాలె?"

"మీ మామ ఉన్నప్పుడు నా కాయ దొరికితే ఇడిశిపెట్టకపోతుండె. చంపి, తొడ గొట్టి నవ్వుతుండె. ఆయన పోయినంక అందరు నాకు మర్యాద జేసుడే. గిట్ల గెలిస్తే ఏం మజా ఉంటది బిడ్డా?"

నాకు ఏడుపొచ్చింది. చంపేశాను! తొడ కొట్టలేదు గానీ గట్టిగా అరిచాను. అత్తమ్మ అంతకంటే గట్టిగా నవ్వింది. ఆట మాత్రం ఆమే గెలిచింది.

14, బుధవారం

అత్తమ్మ కొత్త మెలిక పెట్టింది. "గెలిచినోళ్ళే పోవాలె. టాకీ నేను జూసిన్నా?"

ఇద్దరం పోవడానికి లేదు. మొన్న ఈనిన బర్రె మా ఇద్దరిని తప్ప ఎవరినీ దగ్గరికి రానివ్వదు. ఆయన పొద్దున పాలు పితకబోయి చెంబుతో సహా పేడలో పడ్డారు. లేచి, "దీనికి మొగోళ్ళంటే గిట్టదు" అన్నారు, ఎంతో గంభీరంగా. ఆయన ఎదుట నవ్వకూడదని వంటింట్లోకి పరిగెత్తి, అత్తాకోడళ్ళం పొట్టలు పట్టుకుని నవ్వాం.

అష్టాచెమ్మా ఆట రేపే. ఒక్కటే.

15, గురువారం

ఆట మధ్యలో రాస్తున్నాను.

నాకు చెమ్మ పడింది — నాలుగు గడులు. అత్తమ్మకు మిగిలింది ఒక్క చింతగింజ, పండడానికి ఒక్క గడి దూరంలో ఉంది. నా ముక్కల్లో ముందున్నది జరిపితే ఆమె కాయ చస్తుంది, ఆట నాదైనట్టే. వెనక ముక్క జరిపితే ఆమెదే. అంతలో బర్రె అరిచింది. అత్తమ్మ చెంబు తీసుకుని లేచింది.

"నేనొచ్చేవరకు జరిపి పెట్టు."

పోతూ పోతూ గడపలో ఆగింది. "బొమ్మలు నిజంగనే పాడతయంటవా బిడ్డా?"

పాడతాయట అత్తమ్మా, అన్నాను. చిన్నపిల్లలా నవ్వుకుంటూ పోయింది. దండెం మీద ఆమె పట్టంచు చీర ఆరుతోంది. పక్కనే నాదీ.

వదిలేస్తే ఇట్టే కనిపెడుతుంది. మళ్ళీ మర్యాదేనా అంటుంది, ఇక జన్మలో నాతో ఆడదు. చంపితే... రేపు నేను పాటలు వింటుంటే, ఆమె ఇక్కడ బర్రె దగ్గర.

పాలు పితికే చప్పుడు ఆగింది. వేలు ముందు ముక్క మీదే ఉంది. ఇంకా జరపలేదు.