పడవ సోలారుకు అత్త పంపిన బొట్టు

గోదావరిఖని,
గోదారి ఒడ్డు గుడిసెల నుంచి

అత్తకు, నీ కోడలు రత్నం పాదాలంటి దండం పెట్టి రాస్తున్న ఉత్తరం.

నువ్వూ మామా కులాసాగా ఉన్నారని తలుస్తాను. మామ దగ్గు తగ్గిందా? నీ మోకాళ్లకు నూనె రాసుకుంటున్నావా, లేక ఇల్లు చిమ్మడంలో పడి మరిచిపోతున్నావా? మేం ముగ్గురం బాగున్నాం. మళ్లీ చెబుతున్నాను, బాగున్నాం. ఫోనులో ఈ మాట చెబితే నువ్వు నమ్మవు. నేను నోరు తెరిచేలోపే నీ ఏడుపు మొదలవుతుంది, ఆ తర్వాత నేను చెప్పేదేదీ నీ చెవిన పడదు. అందుకే కూర్చుని రాస్తున్నాను. కళ్లజోడు పెట్టుకుని చివరిదాకా చదువు, తిట్టేది ఉంటే ఆ తర్వాత తిట్టు.

పడవ అమ్మేసి వచ్చేస్తామని బావ నీకు ఫోనులో చెప్పాడు కదా. నువ్వు పక్కగది కడిగించి సున్నం కూడా వేయించావని తెలిసింది. అత్తా, మేం రావడం లేదు. ఎందుకో చెబుతాను, కోపం తెచ్చుకోకు.

బావ భుజం సంగతి నీకు తెలిసిందే. మునిగి ఉన్న చెట్టు మోడుకు వల చిక్కుకుంటే లాగబోయాడు, కుడి భుజం కీలు జారింది. దవాఖానలో సరిచేసి, ఇక తెడ్డు ముట్టుకోవద్దన్నారు. తెడ్డు ముట్టుకోకుండా ఈ నీళ్ల మీద బతకడం ఎలా? ఇది మన సముద్రం కాదు, ఆటూ లేదు, పోటూ లేదు. ప్రాజెక్టు కట్టాక నిలబడిపోయిన గోదారి. పడవ అంగుళం కదలాలన్నా రెక్కల బలమే. నేను తెడ్డు వేస్తానన్నాను, వేశాను కూడా. కానీ ఎదురుగా చేతులు ఒడిలో పెట్టుకుని కూర్చున్న మీ అబ్బాయి ముఖం చూడలేకపోయాను.

అలాంటప్పుడు దేవుడిలా వచ్చారు జానీ చాచా. ఆయన ఇక్కడి బొగ్గుబావిలో ల్యాంపు రూములో పనిచేసి రిటైరయ్యారు. బావిలో దిగేవాళ్లు టోపీకి పెట్టుకునే దీపాలుంటాయి, వాటికి చార్జింగు పెట్టి, సరిచూసి, ఒక్కొక్కరి చేతికి ఇచ్చే పని. ఇప్పుడు రోజూ పొద్దున్నే గాలం పట్టుకుని మన ఒడ్డుకు వస్తారు. ఆయన గాలానికి ఒక్క చేపా పడదు. ఉత్త చేతులతో ఇంటికి పోతే ఆయన భార్య, మా చాచి, నవ్వుతుందని నేనే రెండు చేపలిచ్చి పంపుతుంటాను.

"రెక్క పనికి రాకుంటే ఏమాయె బిడ్డా? ఎండ ఉన్నది గద! గీ ఊర్ల ఇంకేది తక్వున్నా ఎండకు తక్వ లేదు," అన్నారు చాచా. తెలిసిన మెకానిక్కు దగ్గర వాడిన సోలారు పలకొకటి, దానికి తగ్గ బ్యాటరీ ఒకటి పట్టుకొచ్చారు. ఇక్కడి చేపలవాళ్లకు పెద్దమనిషి ఓదెలన్న, కరెంటుతో నడిచే చిన్న పడవ మోటారు తనకు వాడకంలో లేనిది మనకిచ్చాడు. ఎక్కడినుంచో వచ్చి తమ నీళ్లలో వల వేసుకుంటున్నవాళ్లమని మొదట్లో మొహం తిప్పుకున్న మనిషే అత్తా, ఆయన. "పెండ్లాం తెడ్డేస్తుంటే సూడబుద్ధి గాలె తమ్మీ," అని బావ భుజం మీద చెయ్యి వేశాడు, మంచి భుజం మీదే లే.

పలక బిగించిన రోజు తమాషా చూడాల్సింది. మేడల మీద పెట్టినట్టు ఏటవాలుగా కట్టారు చాచా. పడవ నాలుగు బారలు పోయిందో లేదో, గాలి ఆ పలకను తెరచాపలా లేపి పడవను పక్కకు తిప్పేసింది. "చాచా, ఇది మేడ కాదు, పడవ. ఇది ఎటు తిరిగితే మీ పలక కూడా అటే తిరుగుతాది," అని బావ పడీపడీ నవ్వాడు. ఇద్దరూ కలిసి మళ్లీ విప్పి, నాలుగు పైపుల మీద చదునుగా, పందిరిలా బిగించారు. బ్యాటరీని చెక్కపెట్టెలో పెట్టి, పడవ ఒరగకుండా నడిమధ్యన దించారు. వైర్లు కిందికి వంపు తిప్పి కట్టారు, నీటిచుక్క బ్యాటరీలోకి జారకుండా. దెబ్బ తగిలాక బావ అంతలా నవ్వడం నేను చూడలేదు.

నువ్వు పంపిన పొట్లం సరిగ్గా మర్నాడే వచ్చింది. గంగమ్మ గుడి పసుపూ కుంకుమా. పడవ మీదికి కొత్తది ఏది ఎక్కినా మన వాడుక ప్రకారం చెయ్యాలని ఫోనులో ఎన్నిసార్లు చెప్పావు! "నూనిలో కలిపి పూయండి. సేత్తో మాత్రం తుడవకండి, నీలే తీసుకుపోవాల," అన్నావు. అలాగే చేశాను. పలకంతా పచ్చగా పూసి, నడుమ ఇంత బొట్టు పెట్టాను. పలక పెళ్లికూతురిలా ఉందంది మన గౌరి.

మొదటి రోజులు ఏం చెప్పను అత్తా! చప్పుడు లేదు, పొగ లేదు, పెట్రోలు వాసన లేదు. ఎడమచేత్తో పిడి తిప్పితే చాలు, పడవ నీళ్ల మీద జారిపోయేది. పక్కన కూర్చున్న కొంగలు కూడా లేచేవి కావు. ఆ తర్వాత ఒకరోజు మోటారు నడి గోదాట్లో ఆగిపోయింది. బావ ఒక్క చేత్తో తెడ్డు వేసుకుంటూ రావడం ఒడ్డునుంచి చూస్తున్నాను. కొంచెం వస్తాడు, ఆగుతాడు, పడవ సగం వెనక్కి తిరిగిపోతుంది. పొద్దు గూకుతుండగా ఒడ్డుకు చేరి, పడవ దిగకుండానే నీకు ఫోను చేశాడు, పడవ అమ్మేసి వచ్చేస్తామని. నువ్వు ఏడుస్తూనే సంతోషపడ్డావు. నేను నిన్ను తప్పుపట్టను, ఏ తల్లయినా అంతే.

అప్పటికి చాచా ఊళ్లో లేరు, బెల్లంపల్లిలో కూతురి కాన్పుకు వెళ్లారు. తిరిగి వచ్చీ రాగానే బ్యాటరీ చూశారు, వైర్లు చూశారు, అన్నీ బాగానే ఉన్నాయి. చివరికి పైపు పట్టుకుని పలక మీదికి తొంగిచూసి, తల పట్టుకున్నారు.

"ఏంది బిడ్డా గిది? పసుపు పూసిండ్రు మంచిగనే ఉన్నది. గని నూనె మీద బొగ్గు దుమ్మంత వచ్చి కూసున్నది సూడు. ఇగ ఎండ లోపటికి ఎట్ల దిగుతది?"

నిజమే. ఇక్కడ మధ్యాహ్నం పూట ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగు చేస్తే గుడిసెలు కంపిస్తాయి, ఆ దుమ్ము మన అన్నంలో కూడా పడుతుంది. పచ్చని పలక నల్లగా, బంకగా తయారైంది. మన ఊళ్లోనైతే కెరటం ఎగిరిపడి వారంలోనే పసుపంతా తీసుకుపోయేది. ఇక్కడ కెరటం ఏది? పలకేమో తలకంటే ఎత్తులో ఉంది, నీళ్లేమో కింద కదలకుండా ఉన్నాయి.

"ల్యాంపు రూముల గాజు తుడిచినంకనే మనిషి చేతికిస్తుంటి. గాజు మసకగుంటే బాయిల దారి కనవడది. గని గిది నేను ముట్ట బిడ్డా, మీ అత్తమ్మ పంపిన బొట్టు. మీరు మాట్లాడుకోండ్రి," అని చాచా దిగిపోయారు.

బావ ఏమన్నాడో తెలుసా? "అమ్మ ఎట్టించిన బొట్టు. నాను తుడవను, నిన్ను తుడవనియ్యను. పడవ పోతే పోనీ." నాకు ఏడుపు వచ్చింది అత్తా. నీ మాట మీద అంత గురి ఉన్నందుకు ముచ్చటేసింది, అదే మాట ఆ చేతిని ఇంట్లో కూర్చోబెడుతుంటే ఒళ్లు మండింది. రెండూ నిజమే.

ఆ సాయంత్రం చాచి దగ్గర కూర్చుని చెప్పుకున్నాను. ఆమె సర్వపిండి రొట్టె గిన్నెకు ఒత్తుతూ తాపీగా అంది: "దేవుని బొట్టు పైననే ఉండాల్నని ఎవలన్నరు? మా ఇంట్ల తాయెత్తు గడప లోపటనే కడ్తం. లోపటున్నోళ్లను గాయాలె గద!"

తెల్లారగానే బకెట్టునిండా గోదారి నీళ్లు తోడి, కుంకుడురసం పిండి కలిపాను. బావ అడ్డం వచ్చాడు. "చేత్తో తుడవొద్దంది అత్త. తుడవను. నీళ్లే తీసుకుపోవాలంది, నీళ్లే తీసుకుపోతాయి. నేను బకెట్టు మాత్రం పట్టుకుంటాను," అన్నాను. పక్కకు తప్పుకున్నాడు. బకెట్టు మీద బకెట్టు గుమ్మరించాను. పసుపు, నూనె, బొగ్గు, నురగ, అన్నీ కలిసి గోదాట్లోకి దిగిపోయాయి. నా వేలు కూడా తగలలేదు, గంగమ్మ మీద ఒట్టు. ఆ తర్వాత పడవలో నిలబడి, పలక అడుగున చెయ్యి చాచి, నువ్వు పంపిన కుంకుమతోనే మళ్లీ బొట్టు పెట్టాను. పైన ఎండ, కింద అమ్మవారు. మధ్యాహ్నానికి బ్యాటరీ నిండినట్టు పచ్చలైటు వెలిగింది.

ఇప్పుడు బావ రోజూ తెల్లవారకముందే, ఆ బ్యాటరీకి తగిలించిన దీపం వెలుగులోనే వలలు తీస్తున్నాడు. పక్క పడవలవాళ్లు ఫోన్లు చార్జింగు పెట్టుకోవడానికి వచ్చి, కబుర్లు చెప్పి పోతున్నారు. మొదట్లో మాట్లాడే మనిషి లేక అల చప్పుడు కోసం చెవులు రిక్కించుకుని పడుకునేదాన్ని. ఈ మధ్య ఆ సంగతే మరిచిపోయాను. గౌరికి బడి బాగా నచ్చింది, "గట్లెందుకమ్మా" అని నన్నే దిద్దుతోంది.

చాచా మా దగ్గర ఏమీ పుచ్చుకోరు. చాచికి పలాస జీడిపప్పు కొంచెం పంపు అత్తా. నాకు ఎండు నెత్తళ్లు కావాలి, ఈ నదిచేపకు ఎంత ఉప్పేసినా రుచి రాదు. పక్కగది సున్నం వృథా పోదు, గౌరి సెలవులకు వచ్చి అందులోనే పడుకుంటుంది. అంతకంటే ముందు నువ్వూ మామా ఒకసారి ఇక్కడికి రండి. పలక నీడన కూర్చోబెట్టి గోదారంతా తిప్పుతాడు మీ అబ్బాయి.

పిడి పట్టుకుని కూర్చుంటే నీ బొట్టు సరిగ్గా ఆయన తలపైనే ఉంటుంది. మోటారు వేసే ముందు ఒకసారి పైకి చూస్తాడు, నాకు తెలియదనుకుంటాడు. నిన్న ఒడ్డుకు రాగానే అలవాటుగా, "భుజం ఎలా ఉంది?" అని అడిగాను.

వల దులుపుతూ, "ఏ భుజం?" అన్నాడు.

మీ ఇద్దరి దీవెన మా మీద ఎప్పుడూ ఇలాగే ఉండాలి. వాడలోని పెద్దలందరికీ మా దండాలు చెప్పు, పిల్లలకు ముద్దులు. మోకాళ్లకు నూనె మరిచిపోకు.

నీ కోడలు,
రత్నం