పిట్టకు పెట్టిన ముద్ద

ఆగస్టు 28
ఆయన ఇంటికొచ్చాడు. బీచుపల్లి వంతెన మీద లారీ కింద నలిగిన మనిషి, గద్వాల బస్టాండులో తనంతట తానే బస్సు దిగాడు. హైదరాబాద్ డాక్టరు చెప్పింది నాకు సగమే అర్థమైంది — ఒంటినిండా కంటికి కనిపించని యంత్రాలు, నానోవో ఏవో... ఎముక, కండ, జ్ఞాపకం అన్నీ అవే మళ్లీ కట్టాయట. "మీ మనిషేనమ్మా." సరే, నా మనిషే. సంతోషం పట్టలేక ఏడ్చాను.

ఆగస్టు 30
విత్తనాల పత్తి చేలో క్రాసింగ్‌కు, చేత్తో పూలు కలిపే పనికి, పోయాం. సాయంత్రం ఆడ మొక్కల మొగ్గలు గిల్లుతుంటే ఆయన వేలు తెగింది. పసుపు తెచ్చేలోపు గాయం మూసుకుపోయింది. కారింది నెత్తురు కాదు, బూడిదరంగు నీళ్లు. ఎవరికి చెప్పను?

సెప్టెంబరు 2
నిద్రపోడు. తింటాడు, ఉప్పు లేదని కూడా అనడు.

సెప్టెంబరు 5
అన్నం ముందు నుంచి అత్తమ్మ లేచిపోయింది. "వీడు నా తిమ్మడు కాదే. నా కొడుకు సచ్చిండు. దినాలు చెయ్యకుంటే వాడు యాడ తిరుగుతుండో..." ఒళ్లు మండి గిన్నె విసిరేశాను. కళ్లముందు ఉన్నవాడికి దినాలా! ఆయన అన్నీ వింటూ అన్నం కలుపుతూనే ఉన్నాడు.

సెప్టెంబరు 6
మా పాప మానస ఆయన ఒళ్లో పడుకుంది. దానికి ఏ అనుమానమూ లేదు. అసూయగా ఉంది.

సెప్టెంబరు 8
అడిగేశాను. "నిజం చెప్పు. నువ్వు ఆయనవేనా?"
"ఆయనకు యాదికున్నయన్నీ నాకు యాదికున్నయి. లారీ గూడ. లారీ తర్వాత ఆయన లేడు."
వంటింట్లోకి పోయి తలుపేసుకున్నాను.

సెప్టెంబరు 9
"దినాలు చేద్దాం, పిట్టకు పెడదాం అత్తమ్మా" అన్నాను. ఆమె నా తల నిమిరింది.

సెప్టెంబరు 10
పొలం గట్టున విస్తరి వేశాం. జొన్నరొట్టె, మటన్ కూర, కల్లు — ఆయనకిష్టమైనవే. చనిపోయినవాళ్లకు కోరిక మిగిలితే కాకి ముట్టదు. కాకులు వేపచెట్టు మీద నుంచి కదల్లేదు. "ఏం మనసుల పెట్టుకున్నవ్ కొడకా? చెప్పు" అని అత్తమ్మ బతిమాలుతోంది. నాలో ఒక పాడు ఆశ... అసలు చావలేదేమో, అందుకే ముట్టడం లేదేమో!
అతను పత్తిచేలోంచి వచ్చాడు. విస్తరి ముందు చేతులు జోడించాడు.
"తిమ్మన్నా, పిల్లను నేను సూస్కుంట."
కాకి దిగింది. ముద్ద ఎత్తుకుపోయింది.
అత్తమ్మ ఘొల్లుమంది. అప్పుడు పోయాడు నా మొగుడు... నా కళ్లముందే.

సెప్టెంబరు 11
బొట్టు పెట్టుకోలేదు.
"అమ్మా, నాయిన ఈడనే ఉన్నడు గదా. బొట్టెందుకు పెట్టుకోలే?" మానస అడుగుతోంది.
అతను గుమ్మంలో నిలబడ్డాడు. నేనేం చెప్తానో అని అతనూ చూస్తున్నాడు —