రెండు మేకల ఫోను

త్సోలో దగ్గర, న్కోబొంగో
ఆదివారం, 12 మే 2024

లితా వాళ్ళ నాన్నగారికి,

మీ పాదాలకు దూరం నుంచే దణ్ణం పెట్టి రాస్తున్నాను. మన పెద్దల చల్లని చూపు వల్ల ఈ ఇంట్లో అందరం లేచి తిరుగుతున్నాం. మీరు కూడా గనిలోకి దిగిన కాళ్ళతోనే క్షేమంగా పైకి వస్తున్నారని నమ్ముతున్నాం. నెలనెలా డబ్బు అందుతోంది. అందినప్పుడల్లా మామయ్యగారు టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుంటారు.

వెనకింటి వుయాని తన చిన్నాన్న అంత్యక్రియలకు వచ్చాడు. మంగళవారం బస్సుకు మీరున్న రస్టెన్‌బర్గ్‌కు తిరిగి వస్తున్నాడు. ఈ ఉత్తరం అతని చేతికే ఇస్తున్నాను. నా రాత మీకు తెలుసు. ఐదో తరగతి రాత, వంకర్లుంటే మన్నించండి. అత్తయ్యగారు పక్కనే చాప మీద కూర్చున్నారు. రెండు వాక్యాలు రాయగానే చదివి వినిపించమంటున్నారు. మామయ్యగారు గుమ్మం బయట కూర్చుని విననట్టు వింటున్నారు.

ముందుగా అత్తయ్యగారు రాయమన్న మాటలు. చలి మొదలైంది, ఛాతీకి గుడ్డ కట్టుకోకుండా పనికి వెళ్ళకు. ఈసారి జొన్న బాగా పండింది, సగం దంచాం. ఎర్రావు ఈనింది, దూడ మగది. లితాకు రెండున్నరేళ్ళు వచ్చాయి, కోళ్ళను కూడా తిడుతోంది. ఎవరి దగ్గర నేర్చుకుందని అడగవద్దని కూడా రాయమన్నారు.

ఇప్పుడు ఫోను సంగతి. ఇంటి ఫోను ఫిబ్రవరి నుంచి పాడైందని మీకు తెలియదు. బయటి నుంచి వచ్చే పిలుపు పట్టడం లేదు. అందుకే మీరు చేసిన కాల్స్ ఏవీ మాకు అందలేదు. మేము కోపంగా ఉన్నామని అనుకోకండి.

మొన్న గురువారం అత్తయ్యగారూ నేనూ ఉమ్తాతా వెళ్ళి, నెలవాయిదాల మీద ఆ ఫోను ఇచ్చిన షాపులో అడిగాం. అక్కడి అమ్మాయి కాంట్రాక్టు ఎవరి పేరు మీద ఉందని అడిగింది. మీకు తెలుసు కదా, అది మామయ్యగారి పేరు మీద ఉంది. కోడలిగా నేను ఆ పేరు పలకకూడదు. అత్తయ్యగారు ఈ ఇంటికి వచ్చి నలభై ఏళ్ళైనా ఒక్కసారీ పలకలేదు. ఇద్దరం నేల చూపులు చూస్తూ నిలబడ్డాం. వెనక వరుసలో జనం పెరిగారు. "పేరు లేని మనిషికి ఫోను ఎవరిచ్చారు పెద్దమ్మా?" అందా పిల్ల. వరుసంతా నవ్వింది. అత్తయ్యగారు రొమ్ము దగ్గర నుంచి మామయ్యగారి గుర్తింపు పుస్తకం తీసి బల్ల మీద పెట్టి, "చదువుకున్నదానివేగా, నువ్వే చదువుకో" అన్నారు. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు.

ఆ అమ్మాయి ఫోను అటూ ఇటూ తిప్పి చూసి పక్కన పెట్టింది. కంప్యూటరులో చూసి, ఒప్పందం ఇంకా పదహారు నెలలుందని చెప్పింది. అప్పటిదాకా ఆగితే కొత్తది మామూలుగానే ఇస్తారట. ఇప్పుడే కావాలంటే మిగిలిన పదహారు నెలల సొమ్మూ ఒకేసారి కట్టాలట, మూడు వేల ఐదు వందల నాలుగు రాండ్లు. ఆపైన కొత్త ఫోనుకు మళ్ళీ మొదటి నుంచి ముప్పై ఆరు నెలలు. "పాడైనదానికీ నేనే కట్టాలి, బాగున్నదానికీ నేనే కట్టాలా? చచ్చిన ఆవుకు మేత కొనమంటున్నావు" అని అత్తయ్యగారు పోట్లాడారు. ఆ పిల్ల మంచిదే. "నేను పెట్టిన నియమం కాదు పెద్దమ్మా, నా ఫోనుకీ ఇదే గతి" అంది. సంతకానికి మామయ్యగారు స్వయంగా రావాలంది.

దారి పొడుగునా వ్యానులో నేను నెమ్మదిగా చెప్పి చూశాను. పదహారు నెలలు ఎంతలో గడుస్తాయి, అందాకా ఉత్తరాలు రాసుకోవచ్చు అన్నాను. అత్తయ్యగారు నా వైపు తిరిగి, "మీ అమ్మ గొంతు నీకు వాగు దాటితే వినబడుతుంది. నా కొడుకు గొంతుకి నేను ఎన్ని వాగులు దాటాలే?" అన్నారు. మూడు వందలకు బొత్తాల ఫోను దొరుకుతుంది కదా పిన్నీ అని వుయాని కూడా చెప్పాడు. "ఆ బొత్తాల్లో నా కొడుకు ముఖం కనబడుతుందా, నీ ముఖం కనబడుతుందా?" అని అతన్ని తరిమేశారు.

మామయ్యగారు మాత్రం సాయంత్రం పశువుల దొడ్డి దగ్గర నిలబడి ఒక్కటే మాట చెప్పారు. రెండు తెల్ల మేకల్నీ శనివారం సంతలో అమ్మేస్తారట. అవి లితాను మన పోయిన పెద్దలకు చూపించే వేడుక కోసం పెంచినవి. డిసెంబరులో మీకు సెలవు చాలక ఈస్టర్‌కు వాయిదా వేశాం, ఈస్టర్‌కు మీరు రాలేకపోయారు. పిల్లకు ఒంట్లో బాగుండనప్పుడల్లా, ఇంకా పెద్దలకు చూపించలేదు కదా అని ఊరివాళ్ళు నా మొహం మీదే అంటున్నారు. మామయ్యగారి లెక్క వేరు. "తండ్రి లేకుండా పిల్లని చూపిస్తే ఇది ఎవరి పిల్ల అని పెద్దలడగరా? వాడు రావాలంటే కబురందాలి. కబురందాలంటే ఫోనుండాలి. మేకలు మళ్ళీ పుడతాయి" అన్నారు. ఆయన ఎదుట నేను గొంతెత్తి మాట్లాడే దాన్ని కాదు. తలగుడ్డ సర్దుకుని లోపలికి వచ్చేశాను.

ఆ మేకలు నా చేతి మేత తిన్నవి. లితా వాటి మెడలు పట్టుకుని నిద్రపోతుంది. వాటిని అమ్మవద్దని మీరు ఒక్క మాట వుయాని చేత వాళ్ళింటికి చెప్పించినా, ఎలాగోలా శుక్రవారం లోపు కబురు చేసినా మామయ్యగారు ఆగుతారు. మీ మాటంటే ఆయనకు గౌరవం. అమ్మమంటే అమ్ముతారు. ఏదైనా మీ మాటగా రావాలి.

అత్తయ్యగారు చివరగా రాయమన్నది: నాయనా, నీ తప్పేం లేదు, తప్పంతా ఆ పెట్టెది. కొత్తది రాగానే మొదట నువ్వే చెయ్యి.

మీ ఆరోగ్యం కోరుతూ,
పెళ్ళప్పుడు మీవాళ్ళు పెట్టిన పేరుతో,
నోంఖిటా

తా.క. ఇక్కడి వరకు చదివి వినిపించాను. వాళ్ళు సంతోషించారు. అత్తయ్యగారు ఇప్పుడు నీళ్ళకు వెళ్ళారు, మామయ్యగారు దొడ్డిలో ఉన్నారు. కవరు అంటించే ముందు రాస్తున్న ఈ నాలుగు ముక్కలూ ఎవరూ వినలేదు.

ఫోనుకు ఏమీ కాలేదు.

ఫిబ్రవరిలో రెండు ఆదివారాలు మీరు చెయ్యలేదు. మూడో ఆదివారం అత్తయ్యగారు తిండి తినకుండా నా చేతిలోని ఫోను వైపే చూస్తూ కూర్చున్నారు. ఆ చూపు తట్టుకోలేక, పాడైనట్టుంది అత్తయ్యా అన్నాను. వెంటనే ఆమె ముఖం తేటపడింది, గిన్నె ముందుకు లాక్కున్నారు. ఒక్కరోజుకే అనుకున్నాను. ఇప్పటికి పదమూడు ఆదివారాలు. మోత ఆపేసి శాలువాలో కట్టుకుని తిరుగుతున్నాను. పక్కింటి ఫోను నుంచి చేద్దామంటే, మీకు షిఫ్టు మారింది, పగలంతా భూమి లోపలే ఉంటారని చెప్పాను. కట్టెలకు వెళ్ళినప్పుడు గుట్టెక్కి మీకు చేస్తుంటాను. పూర్తిగా మోగి ఆగిపోతుంది. రెండుసార్లు మధ్యలోనే ఎవరో కట్ చేశారు.

షాపులో ఆ అమ్మాయి తన ఫోను నుంచి దీనికి చేసింది. బల్ల మీదే వెలిగింది. అత్తయ్యగారు అప్పుడు పుస్తకం జాగ్రత్త చేసుకుంటున్నారు. ఆ అమ్మాయి నా ముఖం చూసింది. ఏమనుకుందో, తెర మీద చెయ్యి బోర్లించి కప్పేసింది. నాకంటే చిన్నది.

మీరు ఎలా ఉన్నారని వుయానిని అడిగాను. బాగానే ఉన్నాడు అని నేల వైపు చూశాడు. ఇంకేం అడగలేదు. మిమ్మల్నీ అడగడం లేదు. అడగడానికి నాకు మాటలు రావు, వచ్చినా మీరు చెప్పేది వినే ధైర్యం లేదు.

మేకలు పోతాయి, కొత్త ఫోను వస్తుంది. దాన్ని మధ్యలో పెట్టుకుని వాళ్ళిద్దరూ కూర్చుంటారు. అప్పుడు పాడైందని చెప్పడానికి నాకు ఏమీ మిగలదు.

అందుకని శుక్రవారం లోపు ఒక్కసారి చెయ్యండి. దానంతటదే బాగుపడిందని నేను చెప్పుకుంటాను. నా కోసం కాదు. నేను ఎత్తగానే అమ్మకివ్వు అనండి, ఇచ్చేసి బయటికి వెళ్ళిపోతాను.