ఒక గేటు, రెండు పోస్టు డబ్బాలు

అమీర్‌పేటలో కాపురముంటూ, పంజాగుట్టలో బట్టలు కుట్టే దుకాణం నడుపుతున్న ఉప్పలయ్య అనే నేను, డెబ్బై ఒకటో ఏట, ఎవరి ప్రోద్బలమూ లేకుండా, నా స్వహస్తాలతో రాసిన వీలునామా ఇది. ఈ ఉదయం సూదిలో దారం మొదటిసారికే ఎక్కించాను. కాబట్టి చూపు, బుద్ధి రెండూ సక్రమంగానే ఉన్నాయని నా కొడుకులు ఎల్లేశం, నర్సింలు నమ్మవలసినది. ఇంతకుముందు వేరే వీలునామా రాయలేదు.

1. దీన్ని అమలు జరిపే బాధ్యత నా స్నేహితుడు హైదర్‌ది. పాత స్టాంపుల పిచ్చి నాకు అంటించినవాడు అతనే కనుక ఈ తిప్పలూ అతనే పడాలి. "ఫికర్ జెయ్యకు ఉప్పలన్నా, నేను చూసుకుంట" అన్నాడు. అతని కొలతలకు కుట్టి పెట్టిన నల్ల షేర్వాణీ అతనికే చెందుతుంది. నడుము దగ్గర కొంచెం వదులు పెట్టాను. పొట్ట పెరిగిందంటే ఒప్పుకోడు.

2. నా స్వార్జితమైన ఇల్లు, మెట్లు, నల్లాతో సహా, కొడుకులిద్దరికీ సమాన హక్కులతో, విభజన లేకుండా చెందవలసినది. అడ్డుగోడ కట్టరాదు. కింద ఎల్లేశం, పైన నర్సింలు ఉంటున్నారు. నల్లా నీళ్ల దగ్గర మొదలైన పట్టింపుతో ఏడాది దాటినా ఇద్దరికీ మాటల్లేవు. గేటుకు చెరో పోస్టు డబ్బా తగిలించుకున్నారు. కిందివాడిది ఎర్రది, పైవాడిది నీలం.

3. షాంఘై ఆల్బమ్ సంగతి. వెనకటికి పరాయి దేశాలు చైనా మెడలు వంచి ఒప్పందాలు రాయించుకుని, అక్కడి రేవు పట్టణాల్లో తమ పోస్టాఫీసులు పెట్టుకున్నాయి. ఒక్క షాంఘైలోనే ఇంగ్లీషువాళ్లది, ఫ్రెంచివాళ్లది, జర్మన్లది, రష్యావాళ్లది, జపానువాళ్లది, అమెరికావాళ్లది. ఎవరి స్టాంపు వాళ్లదే, ఎవరి ముద్ర వాళ్లదే. ఊరు మాత్రం చైనావాళ్లది! ఆ కవర్లు పోగు చేస్తూ, ఇలాంటి విడ్డూరం సముద్రం అవతలే జరుగుతుందనుకున్నాను. నా గేటుకే వస్తుందనుకోలేదు.

పోయిన శ్రావణంలో, చిన్న కోడలు భూలక్ష్మిని కుట్టు టీచరు ఉద్యోగానికి పిలుస్తూ వచ్చిన ఉత్తరం పొరపాటున ఎర్ర డబ్బాలో పడింది. ఎల్లేశం దాన్ని చింపలేదు, దాచలేదు. మెట్లెక్కి ఇవ్వనూ లేదు. "గిది మాది కాదు" అని పంజాగుట్ట దాకా మోసుకుపోయి మళ్లీ పోస్టు చేసి వచ్చాడు. అది తిరిగి తిరిగి మన గేటుకే చేరేసరికి ఇంటర్వ్యూ అయిపోయింది. ఎల్లేశం, నాకు నీ మీద ఇంకా కోపముంది బిడ్డా. సంగతి తెలిశాక నువ్వు అన్నం ముట్టలేదని నీ భార్య వజ్రమ్మ చెప్పింది. ఆ రాత్రి నేనూ తినలేదు.

4. దుకాణం, మిషన్లు భూలక్ష్మికి. పోయిన ఉద్యోగానికి బదులుగా కాదు. ఆమె కుట్టే కాజాలు నావాటికన్నా చక్కగా ఉంటాయి.

5. నా భార్య, స్వర్గీయ రాజమణి వెండి కడియాలు వజ్రమ్మకు. అత్తను ఆఖరు రోజుల్లో ఎత్తి కూర్చోబెట్టిన చేతులు ఆమెవి.

6. భూతద్దం, పట్టకారు నర్సింలుకు. వాడు ఏడో తరగతిలో ఉండగా, నాకు సాయం చేద్దామని, షాంఘైలోని జపాను పోస్టాఫీసు కవరును వాళ్లమ్మ బియ్యం కడిగే గిన్నెలో నానబెట్టి స్టాంపు ఊడదీశాడు. ముద్ర సగం కవరు మీద, సగం స్టాంపు మీద ఉండిపోయింది. విడదీశాక రెండూ దేనికీ కొరగాకుండా పోయాయి. అయినా పారెయ్యలేదు. రెండింటినీ ఒకే పేజీలో పక్కపక్కనే పెట్టాను. చూసుకో నాయినా.

7. ఆల్బమ్ ఇద్దరికీ ఉమ్మడిగా చెందవలసినది. పేజీలు పంచుకోరాదు, అమ్మరాదు. 1922 ముగిసేసరికి షాంఘైలో ఆ పరాయి పోస్టాఫీసులన్నీ మూతపడ్డాయి. అందుకని ఆ తర్వాతి పేజీ ఖాళీగా వదిలాను.

8. హైదర్ ఈ వీలునామాను నేరుగా మీ చేతికివ్వడు. నా దినం అయ్యాక, ఒకే కవరు మీద మీ ఇద్దరి పేర్లూ రాసి, రిజిస్టరు పోస్టులో పంపుతాడు. "ఇద్దరూ గేటు దగ్గరికొచ్చి సంతకాలు పెడితేనే ఇస్తానండి" అని మన పోస్ట్‌మన్ జోగారావుగారు నాకు మాట ఇచ్చారు. కాబట్టి దీన్ని మీరు చదువుతున్నారంటే, అన్నదమ్ములిద్దరూ పక్కపక్కన నిలబడ్డారన్నమాట. అది చూడాలని నాకు ఎంత ఆశగా ఉండేదో!

ఇక ఇంట్లోకి పోయి కూర్చోండి. కవరు మీది స్టాంపు నానబెట్టకండి. ముద్రతో సహా కవరును ఆ ఖాళీ పేజీలో పెట్టండి. గేటుకు ఇకమీదట ఒకే డబ్బా ఉండవలసినది. ఎర్రది తియ్యాలా, నీలం తియ్యాలా అన్నది నేను రాయను. అది మీరిద్దరూ నోరు తెరిచి మాట్లాడుకుని తేల్చుకోవలసినది.

అమీర్‌పేట, 1987 నవంబరు 9.

(సంతకం) ఉప్పలయ్య

సాక్షులు:
1. జోగారావు, పోస్ట్‌మన్
2. అచ్యుతరావు, ఎదురింటివారు